రోడోడెండ్రాన్, అజేలియా, బ్లూబెర్రీ: గోదావరి డెల్టా వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఊటీ, మున్నార్, సిక్కిం తిరిగొచ్చినవాళ్ళు ఫోన్‌లో ఫోటో చూపించి "ఈ మొక్క మీ దగ్గర దొరుకుతుందాండీ?" అని అడగడం కడియం, కడియపులంక నర్సరీల్లో ఏటా ఉండేదే. ఎర్రటి గుత్తులతో కొండంతా నిండిపోయిన ఆ పూలు చూశాక ఇంట్లో ఒక్కటైనా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అడిగిన ప్రతివాళ్ళకీ నిలబడి వివరంగా చెప్పే తీరిక నర్సరీలో దొరకదు. అందుకే ఎక్కువగా వచ్చే ప్రశ్నల్ని ఒకచోట పెట్టి జవాబులు రాశాను. మొక్క అమ్ముడుపోవడం కంటే అది బతకడం నాకు ముఖ్యం.

ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలా?

అవును. రోడోడెండ్రాన్, అజేలియా, బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ, స్కాట్లాండ్ కొండల మీద ఆగస్టులో ఊదా రంగు పరిచే హెదర్ పొదలు, అన్నీ ఎరికేసి కుటుంబానివే. ఇందులో 4,000కు పైగా జాతులున్నాయి. ఒక్క రోడోడెండ్రాన్ ప్రజాతిలోనే దాదాపు 1,000 ఉన్నాయి. ఎరికా అనే ఇంకో ప్రజాతిలో 800కు పైగా ఉంటే, వాటిలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలోనే పెరుగుతాయి. కొన్ని జానెడు ఎత్తు పొదలు, కొన్ని పెద్ద చెట్లు. నాగాలాండ్‌లో కోహిమా దగ్గర జప్ఫూ కొండ మీద ఉన్న రోడోడెండ్రాన్ చెట్టు 108 అడుగుల ఎత్తుతో గిన్నిస్ రికార్డుకెక్కింది.

చూడ్డానికి ఎంత తేడాగా ఉన్నా వీటిలో చాలావాటి తిండీ నీళ్ళూ ఒకటే. ఆమ్ల గుణం ఉన్న, సారం తక్కువగా ఉన్న నేల కావాలి. వేళ్ళ దగ్గర చల్లదనం కావాలి. కింద చెప్పబోయే చాలా జవాబులు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

నా ఫోటోలో ఉన్నది రోడోడెండ్రానా, అజేలియానా?

అజేలియా కూడా రోడోడెండ్రానే. 1753లో లినేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు రెండింటినీ వేరువేరుగా పెట్టాడు. తర్వాతి వృక్షశాస్త్రజ్ఞులు కలిపేశారు. నర్సరీల్లో మాత్రం రెండు పేర్లూ విడివిడిగానే నడుస్తున్నాయి.

గుర్తుపట్టడానికి ఒక పువ్వును దగ్గరగా చూడండి. మధ్యలోంచి బయటికి వచ్చే కేసరాలు 5 ఉంటే ఎక్కువగా అజేలియా, 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే రోడోడెండ్రాన్. ఆకు కూడా చెబుతుంది. అజేలియా ఆకు చిన్నది, పల్చటిది. మన దేశపు కొండల్లో ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ ఆర్బోరియమ్ ఆకు పొడుగ్గా, దళసరిగా, తోలులా ఉంటుంది. తిప్పి చూస్తే అడుగున వెండి రంగులోనో, నీలగిరి రకంలో అయితే గోధుమ రంగులోనో నూగు అంటుకుని ఉంటుంది. గుత్తిలో పదీ ఇరవై గంటల్లాంటి పూలు. ఒక్కో గంట లోపల అడుగున ముదురు రంగు మచ్చల్లా కనబడేవి తేనె తిత్తులు. వాటి కోసమే పిట్టలు వస్తాయి. పుప్పొడి సంచి కూడా మన మందారంలో లాగా పగిలి రాలదు. దాని కొసన రెండు సన్నటి బెజ్జాలుంటాయి, పుప్పొడి అందులోంచి దారాలతో అల్లినట్టు బయటికొస్తుంది. భూతద్దం ఉంటే తప్పకుండా చూడాల్సిన సంగతి ఇది.

మన డెల్టాలో ఇవి అడవి మొక్కలుగా ఎక్కడైనా ఉన్నాయా?

లేవు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది, యానాం దాకా ఎక్కడా రోడోడెండ్రాన్ సహజంగా పెరగదు. దక్షిణ భారతంలో అడవిలో పెరిగే రోడోడెండ్రాన్ ఒక్కటే: ఆర్బోరియమ్‌లోని నీలగిరి ఉపజాతి. అది నీలగిరి, పళని, ఆనైమలై కొండల పైభాగాల్లో ఉంటుంది. దాని బంధువర్గంలో ఎక్కువ భాగం దాదాపు 2,000 కిలోమీటర్ల అవతల హిమాలయాల్లో ఉంది. భూమి చల్లగా ఉన్న మంచుయుగాల్లో ఇవి ఇంకా విస్తారంగా పెరిగి, వేడెక్కాక ఎత్తైన కొండల మీద మాత్రమే మిగిలాయని శాస్త్రవేత్తలు భావిస్తారు.

మా లంక మట్టిలో ఏది వేసినా పెరుగుతుంది. ఇది ఎందుకు పెరగదు?

ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువమంది నమ్మనిదీ ఇదే. అరటి, కొబ్బరి, కంద, తమలపాకు అన్నీ పండే నేలలో ఒక పూలమొక్క బతకదంటే ఒప్పుకోబుద్ధి కాదు. కానీ అవన్నీ పండటానికి కారణమేదో, ఇది చావడానికి కారణమూ అదే.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి మన దగ్గరికి వస్తుంది. పైభాగంలో అది పారేది దక్కన్ నల్లరాతి మీద. ఆ రాయి అరిగి వచ్చే బంకమట్టిలో సున్నపు పదార్థం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. వేల ఏళ్ళుగా ఆ ఒండ్రు పేరుకునే మన డెల్టా తయారైంది. అందుకే ఇక్కడి నేలల పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం) చాలాచోట్ల 7 నుంచి 8.5 మధ్య ఉంటుంది. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పూ, చౌడూ తోడవుతాయి. రోడోడెండ్రాన్ కుటుంబానికి కావలసింది 4.5 నుంచి 6 లోపు.

పీహెచ్ పెరిగితే ఏమవుతుంది? మట్టిలో ఇనుము ఉంటుంది గానీ వేరు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. వరికీ కొబ్బరికీ ఆ ఇబ్బందిని కొంతవరకు తట్టుకునే శక్తి ఉంది. వీటికి లేదు. వీటి వేళ్ళు వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి. మామూలు మొక్కల వేళ్ళకు ఉండే నూగు వీటికి ఉండదు. దాని బదులు వేరు కణాల లోపలే ఒక శిలీంధ్రం ఉంటుంది. కొండ మీద కుళ్ళీ కుళ్ళని ఆకుల మధ్య నుంచి నత్రజనిని విడదీసి మొక్కకు ఇచ్చేది ఆ శిలీంధ్రమే. మొక్క దానికి చక్కెర ఇస్తుంది. పేద నేలలో, చల్లగా, పుల్లగా ఉన్నచోట బతకడానికి ఈ కుటుంబం పెట్టుకున్న ఏర్పాటు ఇది. అదే మొక్కను తెచ్చి సున్నం, సారం, బంక నిండిన లంక మట్టిలో పెడితే ఆ ఏర్పాటు పనికిరాకుండా పోతుంది.

ఇంకో కారణం వేడి. ఆర్బోరియమ్ హిమాలయాల్లో సుమారు 1,500 మీటర్ల పైన పెరుగుతుంది. మన డెల్టాలో ఎక్కువ భాగం సముద్రమట్టానికి పది పదిహేను మీటర్లలోపే. పగలు ఎండ సంగతి అందరికీ తెలుసు, షేడ్ నెట్ కడతాం. అసలు దెబ్బ రాత్రి తగులుతుంది. రోహిణి కార్తెలో రాత్రి కూడా 28, 30 డిగ్రీల దగ్గర నిలబడిపోతే మొక్క పగలు తయారు చేసుకున్న ఆహారం రాత్రికే ఖర్చయిపోతుంది. ఆ వెంటనే వానలు. వెచ్చటి తడి మట్టిలో ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు తెగులు పట్టుకుంటే వారం తిరక్కుండానే పచ్చగా ఉన్న మొక్క వాలిపోతుంది.

మరి కుండీలో?

పెద్ద రోడోడెండ్రాన్ వద్దు. అజేలియా అయితే పెట్టొచ్చు, చలికాలపు పూలమొక్కగా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, పూస్తుంది. ఎండాకాలం దాటించడం కష్టం. కొనేముందే ఈ మాట తెలిసి కొనుక్కుంటే తర్వాత బాధ ఉండదు.

మిశ్రమం విషయంలో మన అదృష్టం కోనసీమ. కొబ్బరి పొట్టుకు మనకు కొదవ లేదు. కడిగి ఉప్పు తీసిన కొబ్బరి పొట్టు ఎక్కువ పాళ్ళలో, బాగా మాగిన ఆకు ఎరువు కొంత, గాలి ఆడటానికి చెక్క బెరడు ముక్కలు కొన్ని కలపండి. ఒండ్రు మట్టి పిడికెడు కూడా వద్దు. ఉప్పు తీయడం మరిచిపోకండి. సముద్రం దగ్గరి పీచు మిల్లుల్లో ఉప్పునీళ్ళలో నానిన పొట్టు అలాగే వేస్తే ఆకు అంచులు మాడిపోతాయి. బకెట్లో వేసి మంచినీళ్ళు పోసి, పిండి, నీళ్ళ రంగు పల్చబడేదాకా మళ్ళీ మళ్ళీ మార్చాలి.

ఇంట్లో అలవాటుగా కుండీల్లో వేసే బూడిద, గుడ్డు పెంకులు, సున్నం దీనికి వేయకూడదు. మూడూ పీహెచ్ పెంచేవే. గులాబీకి మేలు చేసేవి దీనికి కీడు.

వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం. మట్టి గోకి కలుపు తీయొద్దు. చేత్తో పీకండి.

ఏ నీళ్ళు పోయాలి?

వాననీళ్ళు అన్నింటికన్నా మంచివి. డాబా మీది నీళ్ళు డ్రమ్ములో పట్టుకోండి. కొత్తగా సిమెంటు చేసిన డాబా అయితే మొదటి వానల నీళ్ళు వదిలేయండి. కాలువ నీళ్ళు ఫర్వాలేదు. బోరు నీళ్ళే సమస్య, తీరం వైపు మరీ.

ఇక్కడొక చిక్కుంది. ఏప్రిల్ వచ్చేసరికి డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. సరిగ్గా మొక్కకు దాహం పెరిగే రోజుల్లోనే అందరం బోరు మీద పడతాం. మొక్క ఎండకు పోయిందనుకుంటాం గానీ చాలాసార్లు ఆ రెండు నెలల బోరు నీళ్ళలోని ఉప్పూ సున్నమూ చేరి కుండీ మిశ్రమాన్ని పాడుచేసి ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడితే అదే గుర్తు.

ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. ఎరువు తక్కువైందా?

ముందు ఏ ఆకులో చూడండి. కింది ముసలి ఆకులు మొత్తంగా పసుపెక్కితే నత్రజని లోపం కావచ్చు. కొస చివుళ్ళు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల గీసినట్టు కనబడితే అది ఇనుప ధాతు లోపం. డెల్టాలో అజేలియాకు వచ్చేది చాలావరకు రెండోదే. దానికి పశువుల ఎరువు ఎంత వేసినా లాభం లేదు.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, కలిపిన వెంటనే, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. ముందు ఒక కొమ్మ మీద చల్లి రెండు రోజులు చూడటం మేలు, లేత ఆకు మాడకుండా. వారం పది రోజులకోసారి రెండు మూడు సార్లు చేస్తే కొత్త చివుళ్ళు పచ్చగా వస్తాయి. పాత ఆకులు మారవు. ఇది తాత్కాలికమే, మిశ్రమమూ నీళ్ళూ మార్చకపోతే మళ్ళీ వస్తుంది.

ఇదే పసుపు వల మీ పెరట్లో నూరువరహాల ఆకుల మీద కూడా చూసి ఉంటారు. దానికీ ఈ మందే పనిచేస్తుంది. సిమెంటు గోడ పక్కన నాటిన నూరువరహాలకు ఇది మరీ ఎక్కువ.

ఏసీ గదిలో పెడితే ఎండాకాలం దాటుతుందా?

దాటదు. చల్లదనం దొరుకుతుంది గానీ వెలుతురు చాలదు, గాలి మరీ పొడిగా ఉంటుంది.

అరకు, లంబసింగి, మారేడుమిల్లిలో?

అరకు, లంబసింగి దాదాపు 900, 1,000 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. రాత్రిళ్ళు చల్లగా ఉంటాయి, ఎర్ర నేలలు, కాఫీ తోటల నీడ ఉంది. అక్కడ తోటలో అజేలియాకు నిజంగా అవకాశం ఉంది. మారేడుమిల్లి అంత ఎత్తు కాదు, అక్కడ నమ్మకంగా చెప్పలేం. ఎక్కడైనా నాటేముందు మట్టి పరీక్ష చేయించండి. పీహెచ్ 6 దాటితే నేలలో పెట్టొద్దు.

ఆన్‌లైన్‌లో బ్లూబెర్రీ మొక్క అమ్ముతున్నారు. "ఎక్కడైనా కాస్తుంది" అంటున్నారు. కొనొచ్చా?

డెల్టాలో కొనొద్దు. ఇంత తెగేసి చెప్పడానికి కారణముంది.

బ్లూబెర్రీకి చలి లెక్క ఉంటుంది. చల్లటి దేశాల రకాలకు 7 డిగ్రీల కంటే తక్కువ చలి ఏడాదికి 800 గంటలో, ఇంకా ఎక్కువో కావాలి. అప్పుడే మొగ్గ నిద్రలేస్తుంది. అమెరికా దేశపు దక్షిణ భాగంలో, ఫ్లోరిడా లాంటి చోట్ల వేసే తక్కువ చలి రకాలకు కూడా కొన్ని వందల గంటలు కావలసినవే ఎక్కువ. మన చలికాలం రాత్రులు అంత చల్లబడవు.

"పెరూలో చలి లేకుండానే కాయిస్తున్నారు కదా" అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. నిజమే, అక్కడ ఎడారి తీరంలో డ్రిప్పుతో ఆమ్లం కలిపిన నీళ్ళిచ్చి పెద్ద ఎత్తున పండిస్తున్నారు. కానీ ఆ తీరం పక్కన చల్లటి సముద్ర ప్రవాహం ఉంది. మన మే నెల లాంటి వేడి అక్కడ ఉండదు. అంత పెట్టుబడి, అంత వాతావరణం రెండూ ఉంటేనే అది సాధ్యం. కవర్ మొక్క తెచ్చి పెరట్లో పెట్టి కాయలు చూడాలనుకునేవాళ్ళు డబ్బు పోగొట్టుకుంటారు. వాళ్ళలో ఎక్కువమంది పిల్లల కోసం ఆశపడి కొన్న తల్లిదండ్రులే. అందుకే నాకు ఇది మనసుకు కష్టంగా ఉంటుంది.

వాక్కాయను క్రాన్‌బెర్రీ అంటున్నారు, ఒకటేనా?

కాదు. క్రాన్‌బెర్రీ బ్లూబెర్రీకి దగ్గరి చుట్టం, ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో పాకే తీగ. వాక్కాయ గన్నేరు కుటుంబం. తుంచితే పాలు కారతాయి. పులుపు ఒక్కటే రెండింటికీ పోలిక. పప్పులో వాక్కాయకున్న రుచి క్రాన్‌బెర్రీకి రాదు, పైగా మన నేలలో ముళ్ళకంచెగా పెడితే ఏ సేవా చేయకుండా కాస్తుంది. అడీనియంను కూడా కొందరు "ఎడారి అజేలియా" అని అమ్ముతారు. అదీ గన్నేరు కుటుంబమే.

ఇంట్లో పిల్లలు, మేకలు ఉన్నాయి. విషమా?

విషమే. ఆకులో, పువ్వులో, తేనెలో గ్రేయనోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. రకాన్ని బట్టి మోతాదు మారుతుంది. ఇది నరాల్లో, గుండె కండరంలో సోడియం లోపలికి వెళ్ళే దారుల్ని మూసుకోనివ్వదు. చొంగ కారడం, వాంతులు, కళ్ళు తిరగడం, నాడి నెమ్మదించడం, బీపీ పడిపోవడం దాని లక్షణాలు. మేకలకూ గొర్రెలకూ ఇది బాగా ప్రమాదం. కొమ్మలు కత్తిరిస్తే దొడ్లో, గట్టు మీద పడేయొద్దు. మేక తిన్నదని అనుమానం వస్తే నురగ కక్కేదాకా ఆగకుండా పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి, ఏ మొక్క తిన్నదో కొమ్మ చూపించండి. పిల్లలు నమిలితే నోరు కడిగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోడోడెండ్రాన్ తేనె తాగితే మత్తెక్కుతుందంటారు, నిజమా?

నిజం. క్రీస్తుపూర్వం 401లో గ్రీకు సేనాని జెనోఫన్ సైనికులు నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీలోని ట్రాబ్జాన్ దగ్గర, ఆ తేనె తిని నిలబడలేక పడిపోయారు. మరునాటికి తెలివొచ్చినా, లేచి తిరగడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. ఇప్పటికీ టర్కీలోనూ నేపాల్‌లోనూ ఆ తేనె తీస్తారు, దాని వల్ల ఆసుపత్రి పాలయ్యేవాళ్ళూ ఉన్నారు. బలం వస్తుందని ఎవరైనా అమ్మితే కొనొద్దు, ముఖ్యంగా గుండె జబ్బు, బీపీ మందులు వాడేవాళ్ళు. మన మారేడుమిల్లి, రంపచోడవరం వైపు దొరికే అడవి తేనెకు ఈ భయం లేదు. అక్కడ ఆ చెట్లే లేవు.

ఉత్తరాఖండ్ నుంచి తెచ్చిన బురాన్ష్ షర్బత్ తాగొచ్చా?

తాగొచ్చు. అది ఆర్బోరియమ్ ఎర్ర పూరేకులతో చేసేది. కేసరాలు తీసేసి రేకులు మాత్రమే వాడటం అక్కడి పద్ధతి. తరాలుగా తాగుతున్నారు. అక్కడ అది రాష్ట్ర వృక్షం. నేపాల్‌కు జాతీయ పుష్పం, నాగాలాండ్‌కు రాష్ట్ర పుష్పం కూడా అదే. కానీ ఆ కథ విని మీ కుండీలోని అజేలియా పూలతో షర్బత్ చేయొద్దు. రకం వేరు, విషం మోతాదు వేరు, పైన కొట్టిన పురుగుమందు వేరే.

పూజకు వాడొచ్చా?

హాయిగా వాడొచ్చు. ఉత్తరాఖండ్‌లో మార్చి నడుమ వచ్చే ఫూల్ దేయి పండుగకు పిల్లలు తెల్లవారుజామునే బురాన్ష్ పూలు, ఇతర అడవి పూలు కోసి ఊళ్ళో ప్రతి గడప మీదా వేసి వెళ్తారు. మన సంక్రాంతి గొబ్బెమ్మల మీద బంతిపూలు, గుమ్మడిపూలు పెట్టే ఆడపిల్లలకు ఆ పండుగ చూపిస్తే ఎంతో సంతోషిస్తారు.

ఊటీలో కొన్న వింటర్‌గ్రీన్ నూనె దీనికి సంబంధించిందేనా?

ఇదే కుటుంబం. నీలగిరిలో పెరిగే గాల్తేరియా అనే పొద ఆకుల్లోంచి తీసేవారు. ఆకు నలిపితే నొప్పుల బామ్ వాసన గుప్పుమంటుంది, ఎందుకంటే రెండింటిలోనూ ఉండేది మిథైల్ శాలిసిలేట్. ఇప్పుడు బజార్లో దొరికేది చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనదే. పైన రాసుకోవడానికే తప్ప లోపలికి ఇవ్వకూడదు. చెంచాడు మింగినా చిన్నపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. సీసా అందకుండా దాచండి.

వెళ్ళినప్పుడు చిన్న మొక్క పీక్కొస్తే?

దయచేసి వద్దు. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో మొక్క పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, పీకిన క్షణంలోనే ఆ వెంట్రుక వేళ్ళు, వాటిలోని శిలీంధ్రం తెగిపోతాయి. రైలు రాజమండ్రి చేరేలోపే ఆ మొక్క సగం చచ్చినట్టే. దాని విత్తనం పొడిలా ఉంటుంది, మొలిచాక పూతకు రావడానికి పదేళ్ళు దాటొచ్చు. మీ చేతిలో జానెడున్న మొక్క ఎన్ని వానలు, ఎన్ని కార్చిచ్చులు తప్పించుకుని అంతైందో ఒక్కసారి ఆలోచించండి.

వేరే దేశంలో ఇదే మొక్క దయ్యంలా పెరిగిన సంగతి కూడా చెప్పాలి. పాంటికమ్ అనే రకాన్ని 1763లో అందం కోసం బ్రిటన్‌కు తీసుకెళ్ళారు. అక్కడి నేల, చలి నచ్చి అడవుల్ని కమ్మేసింది. ఇప్పుడు కొట్టలేక అవస్థ పడుతున్నారు. మన కాలువల్లో గుర్రపు డెక్క చూసినవాళ్ళకు ఇది వేరే వివరించక్కర్లేదు.

అయితే ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళి చూడాలి?

మనకు దగ్గర నీలగిరి. ఊటీ నుంచి దొడ్డబెట్ట శిఖరం వైపు, అవలాంచీ వైపు షోలా అడవుల (కొండ మడతల్లో పెరిగే పొట్టి చెట్ల అడవులు) అంచుల్లో, గడ్డి కొండల మీద ఒంటరిగా నిలబడి కనిపిస్తాయి. దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. జనవరి నుంచి మార్చి దాకా, అటూ ఇటూగా పూత ఉంటుంది. మనవాళ్ళు ఎండలకు తాళలేక మే నెలలో వెళ్తారు, అప్పటికి చాలావరకు అయిపోతుంది. సంక్రాంతి సెలవులు దాటాక వెళ్తే మేలు. మున్నార్ దగ్గరి ఎరవికులం పార్కు కూడా మంచిదే, కానీ నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చిలో మూసేస్తుంటారు. టికెట్లు తీసేముందు కనుక్కోండి.

ఎన్నో రంగులు ఒకేసారి చూడాలంటే సిక్కిం. యుమ్‌థాంగ్ లోయలోని శింగ్బా అభయారణ్యం, పశ్చిమాన బర్సే అభయారణ్యం రోడోడెండ్రాన్ల కోసమే పెట్టినవి. బర్సేలో మార్చి చివర, ఏప్రిల్. యుమ్‌థాంగ్‌లో ఏప్రిల్ చివర నుంచి మే. 1848 నుంచి అక్కడ తిరిగిన జోసెఫ్ హుకర్ అనే ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడి వల్లే సిక్కిం రోడోడెండ్రాన్లు ప్రపంచానికి తెలిశాయి.

నీలకురింజి చూడాలని వెళ్ళేవాళ్ళు దీన్ని దానితో కలపకండి. అది వేరే కుటుంబం, 12 ఏళ్ళకోసారి పూసేది. మున్నార్‌లో 2018లో పూసింది, మళ్ళీ 2030లో.

మన డెల్టాలో వీటికి చుట్టాలు ఎవరూ లేరా?

ఉన్నారు. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. ఎరికేసి కుటుంబం ఎరికేల్స్ అనే పెద్ద క్రమంలో ఒక భాగం. ఆ క్రమంలోని వేరే కుటుంబాలు మన గుమ్మం ముందే ఉన్నాయి. గుళ్ళో పొగడ చెట్టు, పెరట్లో సపోటా, ఏజెన్సీలో ఇప్ప, బీడీ ఆకు ఇచ్చే తునికి, శివాలయాల్లో నాగమల్లి, రోజూ తాగే టీ, అన్నీ ఈ క్రమంలోనివే.

వీటన్నిటిలో అడవి పూలపొదగా చూడాల్సింది మడ అడవిలోని గుగ్గిలం (ధూపం వేసే గుగ్గిలం కాదు, ఏజిసిరాస్ అనే మడ పొద). కోరింగ అభయారణ్యంలో చెక్క దారి మీద నడుస్తుంటే పాయ ఒడ్డున బురదలో నిలబడి ఉంటుంది. 1978లో ప్రకటించిన ఆ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. గుగ్గిలం ఆకును మధ్యాహ్నం ఎండలో వంగి చూడండి, పైన సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. వేరు తాగిన ఉప్పునీటిలోని ఉప్పును ఆకు గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పే. కొమ్మ చివర తెల్లటి చిన్న పూల గుత్తి, మంచి వాసన, తేనెటీగల రొద. కాయ కొమ్ములా వంపు తిరిగి ఉంటుంది, విత్తనం ఆ కాయలో ఉండగానే మొలకెత్తడం మొదలుపెడుతుంది.

ఒకే క్రమంలో ఒక మొక్క మంచు కొండ మీద సున్నాన్ని తట్టుకోలేకుండా ఉంటే, ఇంకొకటి సముద్రపు ఉప్పు తాగి పూస్తోంది. ఈ సంగతి తెలిశాక కోరింగ వెళ్ళినప్పుడు పడవ షికారుతో సరిపెట్టుకోలేరు. సాటి మడ చెట్లతో పాటు అది కూడా తుపాను గాలికి తీరాన్ని కాపాడుతోంది. దాన్ని కాపాడుకోవడం మన చేతిలో ఉన్న పని.

ఇంట్లో అలాంటి ఎర్ర గుత్తులే కావాలి. ఏం పెట్టమంటారు?

నూరువరహాలు. రంగు, గుత్తి రెండూ దగ్గరగా ఉంటాయి, ఎండకు ఆగుతుంది, ఏడాదిలో చాలాకాలం పూస్తుంది. పెద్ద పూల రకం తీసుకోండి, పొట్టి రకం కంచెకు బాగుంటుంది. ఎండ దంచే డాబాకు కాగితపు పూలు. పూత అయ్యాక కొసలు కత్తిరిస్తే మళ్ళీ విరగబూస్తుంది. వాసన కావాలి, చోటుంది అంటే పొగడ వేయండి. చుట్టరికం కూడా కలుస్తుంది.

చలికాలంలో కొన్న అజేలియా ఇంకా పచ్చగానే ఉంది. ఎండాకాలానికి ముందు ఏం చేయాలి?

పూత అవగానే, ఫిబ్రవరి చివర్లో, వాడిన పూలు గిల్లేసి కొసలు కొద్దిగా కత్తిరించండి. వర్షాకాలం తర్వాత కత్తిరిస్తే వచ్చే ఏడాది మొగ్గలు పోతాయి. కుండీని తూర్పు వైపు, ఉదయం రెండు గంటల ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చండి. ఒట్టి సిమెంటు నేల మీద పెట్టొద్దు. తడి ఇసుక పోసిన వెడల్పాటి ట్రేలో ఇటుక ముక్కల మీద నిలబెట్టండి, కుండీ అడుగు నీటికి తగలకూడదు. మట్టికుండకు తడి గోనె చుడితే వేళ్ళ దగ్గర రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఎరువు మార్చి నుంచి ఆపేయండి. జూన్ వానలు మొదలయ్యాక మొక్కను వాన ధార కింద కాకుండా చూరు లోపలికి జరిపి, కుండీ అడుగు బెజ్జాలు మూసుకుపోలేదని చూసుకోండి.

మొక్క జబ్బుపడి నర్సరీకి తీసుకొచ్చేటప్పుడు ఒక్క ఆకు తేకండి. ఒక చివురు, ఒక ముదురాకు, కుండీలోంచి గుప్పెడు మిశ్రమం, మీరు పోసే నీళ్ళు ఒక చిన్న సీసాలో తీసుకురండి. నీళ్ళు చూడకుండా జవాబు చెప్పడం కష్టం.